ఇరవై రెండు వేలిముద్రలు

విశ్వవిద్యాలయం మనస్తత్వశాస్త్ర విభాగంలోని ఆ మేడమ్‌ను ఆదివాసీ పిల్లలంతా గొడుగు మేడమ్ అంటారు. పైచదువులకు వచ్చిన ప్రతి బిడ్డనూ తన గదిలో కూర్చోబెట్టి, రాసింది దిద్ది, ఆకలేస్తే తన డబ్బా విప్పి పెట్టి, పెద్దసార్ల ముందు నోరు పెగిలేదాకా వెన్నంటి ఉంటుంది. తానూ ఆ జనంలోంచే వచ్చింది మరి. అంతటి మనిషికీ ఆ ఉదయం భయం పట్టుకుంది.

ఆమె శిష్యురాలు, అడవి అంచు ఊరి పిల్ల, బిడ్డల్ని పోగొట్టుకున్న తల్లుల దుఃఖం మీద మూడేళ్ళు పరిశోధన చేసింది. తమ మాటలు రాసుకోవడానికి ఆ తల్లులు ఒప్పుకున్నట్టు కాగితాల మీద వేలిముద్రలు లేవు. తాతలనాడు ఒక్క వేలిముద్రతో అడవి మొత్తం చేజారింది. అప్పట్నుంచీ ఆ జనం చచ్చినా కాగితం మీద వేలు పెట్టరు. పిల్ల నోటిమాటే తీసుకుంది. ముద్రలు లేవని, పరిశోధనలు తనిఖీ చేసే పరిశీలన సంఘం మూడేళ్ళ చాకిరీనీ చెత్తబుట్టలో వేసేలా ఉంది.

మేడమ్ భయం అదొక్కటే కాదు. పాతికేళ్ళ కిందట తనకూ ఇదే చిక్కొచ్చింది. అప్పుడు తలుపు గడియ పెట్టుకుని, ఇరవై రెండు కాగితాల మీదా తన ఎడమ బొటనవేలే నొక్కింది. ఆ ఇరవై రెండు మందీ నోటితో ఒప్పుకున్నమాట నిజం, ముద్రలు మాత్రం దొంగవి.

సంఘం గదిలో పెద్దసారు మేడమ్ పాత పరిశోధన గ్రంథాన్నే తెచ్చి బల్లమీద పెట్టాడు.

"చూడమ్మా, మేడమ్ గారికి మీవాళ్ళే ఇరవై రెండు మంది వేశారు. నీకెందుకు వెయ్యరు? అసలు వెళ్ళావా, ఇక్కడే కూర్చుని అల్లావా?"

పిల్ల లేచి నిలబడింది. "వెళ్ళాను సార్. మావాళ్ళు వెయ్యరు సార్," అని మేడమ్ వైపు తిరిగింది. "మీకెలా వేశారు మేడమ్?"

ఉద్యోగం, పేరు, రేపు తన వెనక వచ్చే పిల్లల మీద పడే అనుమానం, అన్నీ మేడమ్ కళ్ళముందు గిర్రున తిరిగాయి. తను నోరు మూసుకుంటే ఈ పిల్ల మునుగుతుంది.

"నాకూ వెయ్యలేదు సార్. ఆ ఇరవై రెండూ నావే."

పెద్దసారు గ్రంథం చివర కుట్టిన కాగితాలు ఒక్కొక్కటీ తిప్పి చూశాడు. తర్వాత ఒక తెల్లకాగితం ఆమె ముందుకు తోశాడు. "ఇప్పుడన్నది రాసి సంతకం పెట్టండి. అది ఉంటేనే ఈ అమ్మాయి మాట నమ్మగలం."

పిల్ల ఆమె మణికట్టు గట్టిగా పట్టుకుంది. "వద్దు పిన్నీ, పెట్టొద్దు," అంది. అంతమందిలో ఆమెను ఎప్పుడూ పిన్నీ అని పిలవలేదు.

మేడమ్‌కి భయం తగ్గలేదు. అయినా పిల్ల చెయ్యి విడిపించుకుని రాసి, సంతకం పెట్టింది.