హార్మోనియం కూర్చున్న సీటు

రెండు వేల ఇరవై మూడు, ఫిబ్రవరి. నరసరావుపేటలో వినుకొండ రోడ్డు మీద ఉన్న నా కార్ యాక్సెసరీస్ షాపులో ఆ రోజుల్లో నేను రోజూ వినే ప్రశ్న ఒకటే. నావిగేషన్ పెట్టించుకుంటే ఏది మేలు, డాష్‌బోర్డులో బిగించేదా, విడిగా పెట్టుకునేదా? సీటు కవర్ల కోసం వచ్చినవాళ్ళు కూడా పోతూ పోతూ ఇదే అడిగేవాళ్ళు. చెప్పీ చెప్పీ నా నోరు అరిగిపోయింది. అసలే నాకు ఓపిక తక్కువ. గిరాకీ నా సరుకు చూసి వస్తుంది గానీ నా నోరు చూసి కాదని మా ఆవిడ ఇప్పటికీ అంటుంది.

తెలియనివాళ్ళ కోసం చెబుతాను. బిల్ట్-ఇన్ అంటే కారుతో వచ్చిన రేడియో ఊడదీసి, ఆ గూట్లో పెద్ద తెర బిగించడం. చుట్టూ సందు కనపడకుండా వేసే ప్లాస్టిక్ చట్రాన్ని ఫేషియా అంటాం. ఉపగ్రహాల సిగ్నల్ పట్టే జీపీఎస్ యాంటెన్నా అగ్గిపెట్టెంత ఉంటుంది, అది డాష్‌బోర్డు లోపల దాక్కుంటుంది. తాళం తిప్పగానే తెర తనే వెలుగుతుంది. పోర్టబుల్ అంటే అరచేతిలో పట్టే పలక. సక్షన్ మౌంట్ అనే రబ్బరు గిన్నెతో దాన్ని అద్దానికి అతికిస్తాం. మన ఎండకి ఆ గిన్నె ఊడి ఒళ్ళో పడుతుంది. మిట్టమధ్యాహ్నం రెంటచింతల పోయొచ్చిన బండిలో ఆ పలకను ముట్టుకుంటే చెయ్యి చుర్రుమంటుంది. అందుకని ఎవరు అడిగినా కళ్ళు మూసుకుని బిల్ట్-ఇనే చెప్పేవాణ్ణి.

ఆ శనివారం మధ్యాహ్నం ఒక పాత తెల్లకారు వచ్చి షాపు ముందు ఆగింది. నడుపుతున్నది యాభై దాటిన ఒక ఆవిడ. ముందు పక్క సీట్లో హార్మోనియం పెట్టె ఉంది, దానికి సీటు బెల్టు కూడా పెట్టారు. వెనక సీట్లో తెల్లచొక్కా పెద్దమనిషి కిటికీలోంచి రోడ్డు అవతలికి చూస్తూ కూర్చున్నాడు. ఆవిడ దిగింది, ఆయన దిగలేదు.

ఆవిడ పేరు దీనమ్మ, స్కూలు టీచరు. శని, ఆదివారాలు చుట్టుపక్కల ఊళ్ళ చర్చిలకి పోయి ఆడవాళ్ళకి పాటలు నేర్పుతుందట. వెనక కూర్చున్నది ఆమె భర్త ప్రకాశం, ఆర్టీసీలో డ్రైవరు చేసి రిటైరయ్యాడు.

"దారి చెప్పే పెట్టె కావాలి నాయనా. పెద్దది పెట్టు, నాకు బాగా కనపడాల," అంది.

"ఫోన్లో చూసుకోవచ్చుగా టీచరమ్మా."

"ఫోను మోగుతానే ఉంటది. ఏ పాట, ఏ శ్రుతి అని దారి పొడుగునా మావాళ్ళు చేస్తానే ఉంటారు. మ్యాపు యాడికో పోద్ది."

"మరి ఆర్టీసీ డ్రైవరుగారు బండిలోనే ఉన్నారుగా. ఆయనకి తెలియని దారి ఉంటుందా?"

ఆవిడ ఒకసారి కారు వైపు చూసి గొంతు తగ్గించింది. ఆయనకి గ్లకోమా వచ్చిందట. నీటికాసులు అంటాం చూడండి, అది. ఎదురుగా ఉన్నది కనపడుతుంది, పక్కవి కనపడవు. ఇక బండి తోలొద్దని డాక్టరు చెప్పాడు. అప్పటిదాకా ఆయన తోలితే ఈవిడ వెనక కూర్చుని పాటల పుస్తకం చూసుకునేది, ఏ రోజూ తలెత్తి దారి చూసింది లేదు. హార్మోనియం అదిరితే లోపలి రీడ్లు దెబ్బతింటాయని ఆ పెట్టెకి ముందు సీటు ఆయనే కేటాయించాడు. ఇప్పుడు ఈవిడ డ్రైవింగ్ నేర్చుకుని తోలుతోంది. ఆయన వెనక్కి పోయాడు.

"దారి అడిగితే గుర్తు లేదంటాడు నాయనా. ఇన్నేళ్ళు బస్సు తోలిన మనిషి, మాచర్ల రోడ్డు గుర్తు లేదంటే నమ్మమంటావా? ముందుకొచ్చి కూర్చో అంటే హార్మోనియం ఉందిగా అంటాడు. ఇంట్లో గూడా అంతే. ముప్పై ఏళ్ళు ఆయన అరుపులతోనే కాపరం చేశా. ఈ నిశ్శబ్దం నావల్ల కావటంలా."

ఇంత చెప్పినా నా బుర్రకి ఎక్కింది తెర సైజు ఒక్కటే. ఆవిడ కారుకి సరిపోయే బిల్ట్-ఇన్ తీశాను. నాకొక అలవాటు ఉంది. ఫేషియా కోసం డాష్‌బోర్డు కొయ్యకముందు డెమో పీసు తాత్కాలికంగా తగిలించి, కస్టమరుతో ఒకసారి రోడ్డు మీదికి పోయి వస్తాను. కోసిన ప్లాస్టిక్ మళ్ళీ అతకదు, తరవాత తగాదా పెట్టుకునే ఓపిక నాకు లేదు. ఆవిడ ఆ సాయంత్రం వినుకొండ రోడ్డులోంచి లోపలికి పోయే ఒక చిన్న ఊళ్ళో పాటలు నేర్పాలి. అక్కడికే పోదామన్నాను. షట్టరు సగం దించి, వెనక సీట్లో ప్రకాశంగారి పక్కన కూర్చున్నాను.

మెయిన్ రోడ్డు మీద అంతా బాగానే సాగింది. పెట్టె తెలుగులో ముద్దుగా చెబుతోంది, దీనమ్మగారు విద్యార్థిలాగా తల ఊపుతోంది. లోపలి రోడ్డులోకి తిరిగి కొంచెం పోయాక "ఎడమవైపు తిరగండి" అంది పెట్టె. పక్కన ప్రకాశంగారు ముక్కుతో చిన్నగా నవ్వారు.

"ఏంది సార్?" అన్నాను.

"నన్నెవరు అడిగారు అబ్బాయ్? పెట్టెనడిగారుగా."

బండి ఎడమకి తిరిగింది. నాలుగు బారలు పోయాక నాకు అర్థమైంది, అది రోడ్డు కాదు, కాలవ కట్ట. పై నుంచి ఉపగ్రహానికి సాగర్ కాలవ కట్ట కూడా మట్టిరోడ్డు లాగే కనపడుతుంది, మ్యాపులో గీత గీసేస్తారు. మనవాళ్ళెవరూ కారు అటు పోనివ్వరు, తిప్పుకోవడానికి చోటుండదు. కుడి పక్కన నిండుగా పారే కాలవ, ఎడమ పక్క కింద మిరప చేను. ఎదురుగా మిర్చి బస్తాలు, మేం టిక్కీలు అంటాం, ఆకాశమంత ఎత్తున వేసుకుని ట్రాక్టరు వస్తోంది.

దీనమ్మగారు బ్రేకు తొక్కేసింది.  పెట్టె మాత్రం "నేరుగా వెళ్ళండి" అంటూనే ఉంది. నాకు దాన్ని పీకి కాలవలో వేద్దామనిపించింది.

"ఏమయ్యా," అంది ఆవిడ. వెనక్కి తిరగలేదు. "నాకు భయమేస్తంది."

అంతే. ప్రకాశంగారు తలుపు తీసుకుని, బండిని చేత్తో పట్టుకుంటూ చేను వైపు నుంచి ముందుకి నడిచారు. ముందు తలుపు తెరిచి బెల్టు తీసి, హార్మోనియం ఎత్తి తెచ్చి నా ఒళ్ళో పెట్టారు. పోయి ఆ సీట్లో కూర్చున్నారు.

"ముందు దాని నోరు ముయ్యవే. ఆఁ. ఇప్పుడు నా మాట ఇను. చక్రం నిటారుగా పట్టుకో. కాలవ వంక చూడమాక, అది నీ జోలికి రాదు." అని నా వైపు తల తిప్పారు. "అబ్బాయ్, హార్మోనియం కింద పెట్టి నువ్వు దిగు. ఇయ్యాల నువ్వే కండక్టరువి. వెనక నిలబడి రానియ్ రానియ్ అను. ఆపాల్సొస్తే బండి మీద గట్టిగా ఒక్క దెబ్బ కొట్టు."

నేను షాపు ఓనర్ని. అయినా దిగాను. మిర్చి ఘాటుకి దగ్గుకుంటూ, కళ్ళు తుడుచుకుంటూ, "రానియ్, రానియ్" అని అరుస్తూ వెనక్కి నడిచాను. లోపల నుంచి ఆయన గొంతు ఇంకా గట్టిగా వినపడుతోంది. "మెల్లగా. క్లచ్ మీద ఉండు. అట్టా. ఏమే, నిన్ను తిప్పమన్నానా? నిటారుగా అన్నా." ట్రాక్టరు అబ్బాయి ఇంజను ఆపి, టిక్కీల మీద మోచెయ్యి ఆనించి మమ్మల్ని తీరిగ్గా చూశాడు. బండి మళ్ళీ రోడ్డెక్కాక దీనమ్మగారు స్టీరింగ్ మీద తల ఆనించింది. ఆయన ఆవిడ వీపు మీద చెయ్యి వేసి, "ఏం కాలా, బాగానే తీశావు," అన్నారు.

అక్కడితో ఆగితే ఇది పాతకాలపు డ్రైవరు గొప్పా, కొత్త యంత్రం గొప్పా అనే కథ అయ్యేది. కానీ ఆ తరవాత ప్రకాశంగారు ఉత్సాహం పట్టలేకపోయారు. "నేను చెప్తా పోనీ. బియ్యం మిల్లు వస్తది, దాటంగానే కుడి." పోయాం. మిల్లు రాలేదు. ఇంకా పోయాం. రంగు జెండాలు కట్టిన ప్లాట్ల వెంచరు వచ్చింది, ఆ తరవాత ఇంకో ఊరే వచ్చింది. మిల్లు కూలగొట్టి ఆ వెంచరు వేశారని అక్కడ గేదెలు తోలుకుపోతున్న ఒకామె చెప్పింది.

"పెట్టె ఒకసారి తప్పింది, నువ్వొకసారి తప్పావు. చెల్లుకు చెల్లు," అంది దీనమ్మగారు. ఆవిడ నవ్వుతోంది.

 ప్రకాశంగారు మళ్ళీ వెనక సీటు ముఖం పెడతారేమోనని నేను భయపడ్డాను. కానీ ఆయన మెడ వంచి డాష్‌బోర్డులో తెర వైపు చూడటానికి తంటాలు పడుతున్నారు. అది మధ్యలో ఉంది, దాని మీద సాయంత్రం ఎండ పడి మెరుస్తోంది. ఆయన కంటికి ఎదురుగా ఉంటేనే కనపడేది. ఇటు జరిగారు, అటు జరిగారు. చివరికి నన్ను అడిగారు.

"అబ్బాయ్, దీన్ని ఊడదీసి నా చేతికియ్యకూడదా? నేను చూసి చెప్తాగా."

షాపులో ఆవిడ అంత వివరంగా చెప్పినా ఎక్కనిది, ఆ ఒక్క మాటతో నాకు ఎక్కింది. ఆవిడకి కావలసింది దారి చెప్పే యంత్రం కాదు. అది కారులోనే ఉంది, ప్రకాశంగారి రూపంలో బెల్టు పెట్టుకుని కూర్చుంది. దాని చేతికి ఏదైనా ఇవ్వాలి, అంతే.

పాటలు నేర్పడం అయ్యి షాపుకి తిరిగి వచ్చాక డెమో పీసు తీసేసి, పాత రేడియో యథాస్థానంలో పెట్టాను. మ్యాపులన్నీ లోపలే ఉండే పోర్టబుల్ ఒకటి ఇచ్చాను. నేను పదేళ్ళుగా తిడుతూ వచ్చిన సరుకు అది. రబ్బరు గిన్నె తగిలించబోతే ప్రకాశంగారు పక్కకి తోసేశారు. పలకను ముఖానికి ఎదురుగా పట్టుకుని, కళ్ళు చిట్లించి, వేలితో రోడ్డును జరుపుకుంటూ పోయారు. "ఇదిగో ఆ మిల్లు వాళ్ళ వెంచరు," అన్నారు మాలో ఎవరితోనో. వాళ్ళు బయల్దేరేటప్పుడు హార్మోనియం వెనక సీట్లో ఉంది, కింద మెత్తగా దుప్పటి మడిచి వేసి.

ఈ మధ్య వర్షాలకి ముందు దీనమ్మగారు వైపర్లు మార్పించడానికి వచ్చింది. ప్రకాశంగారు ముందు సీట్లోంచే చెయ్యి ఊపారు. పలక ఒళ్ళో ఉంది.

"ఎట్టా పని చేస్తోంది టీచరమ్మా?"

"పెట్టె మాట్లాడదు నాయనా, దాని గొంతు తీసేశాడు. అందులో చూసి, తనకే గుర్తున్నట్టు తను చెప్తాడు. పక్క ఊరి కండక్టర్ల కబుర్లు, యాడ టీ బాగుంటదో, ఏ మలుపులో ఏ బస్సు ఆగిపోయిందో, అన్నీ చెప్తాడు. చర్చికి పోయేలోపల నా చెవులు దిబ్బళ్ళు పడతన్నాయి." ఆవిడ మొహంలో ఫిర్యాదు ఏమీ కనపడలేదు. కారు వైపు ఒకసారి చూసి, వైపరు చూస్తున్నట్టు నా దగ్గరికి వంగింది. "దారులన్నీ నాకొచ్చేసి చానా రోజులైంది. ఆయనకి చెప్పమాక."

ఇప్పుడు కూడా రోజుకొకరు అడుగుతారు, ఏది మేలని. ఒంటరిగా తిరిగేవాళ్ళకి, బాడుగ బండ్లవాళ్ళకి బిల్ట్-ఇనే మేలు, అందులో నా మాట మారలేదు. కాకపోతే ఆ మాట చెప్పకముందు నేను ఒకటి అడుగుతున్నాను. మీ పక్క సీట్లో ఎవరు కూర్చుంటారండీ అని. కొందరు వింతగా చూస్తారు. కొందరు ఆలోచించి జవాబు చెబుతారు.

ఆ రోజు వైపర్లు బిగించడం అయిపోయాక దీనమ్మగారు బండి స్టార్ట్ చేసింది. వాళ్ళ ఇంటికి నా షాపు నుంచి కుడికి పోవాలి. ఆవిడ అద్దంలో నన్ను ఒకసారి చూసి ఎడమ ఇండికేటర్ వేసింది.

"ఏమే, అటు యాడికి? కుడికి," అన్నారు ప్రకాశంగారు, ఒళ్ళో పలక వైపు చూడకుండానే.

"అవునా," అంది దీనమ్మగారు.