నాయన కంప్యూటర్‌కి ర్యామ్ వేసిన క్రిస్మస్

కంప్యూటర్ డబ్బా మూత విప్పగానే ఒక వాసన వస్తుంది. కాగిన దుమ్ము, తుప్పు పట్టిన స్క్రూలు, ఉప్పుగాలి కలిసిన వాసన. తడ దగ్గర ఒక ఫ్యాక్టరీ ఆఫీసులో కంప్యూటర్లు చూసుకోవడం నా ఉద్యోగం కాబట్టి ఆ వాసన నా ముక్కులోకి పోక తప్పదు, పోయినప్పుడల్లా నా మెడ దానంతట అదే భుజాల్లోకి ముడుచుకుపోతుంది. మొన్న అకౌంట్స్‌లో కూర్చునే ఆయన వచ్చి "మేడమ్, ర్యామ్ వేస్తే స్పీడవుద్దా?" అని అడిగాడు. ఏం చేసేటప్పుడు ఆగుతోందండీ అంటే "అన్నిటికీ" అన్నాడు. ఇలాంటి జవాబు వింటే నాకు ఒళ్లు మండిపోతుంది. ఎప్పుడు ఆగుతోందో, ఆగినప్పుడు లోపల ఏది నిండిపోయి ఉందో చూడకుండా ర్యామ్, ర్యామ్ అని కలవరిస్తే ఏం లాభం? ఈ సంగతి నాకు ఏ కాలేజీ నేర్పలేదు. మా ఇంటి ముందుగదిలో, అమ్మ తన్నులు తింటుండగా నేర్చుకున్నాను.

మాది బోగోలు పక్కన, సముద్రానికి దగ్గరగా ఉన్న ఊరు. ఎండాకాలమంతా వీధి పొడుగునా ఆరబెట్టిన ఉప్పుచేపల వాసన, సరుగుడు తోపుల్లో రాలిన పుల్లల మీద జారి మోకాళ్లు చీరుకుపోవడం, తీరంలో ఎర్రపీతల వెంటపడి అవి బొరియల్లోకి దూరేలోపు కాళ్లు విరిచేసే మా పిల్లమూక రాక్షసత్వం, వానాకాలంలో వాయుగుండం పట్టి సముద్రం ఊరి మీదికి వచ్చేస్తుందేమో అన్నట్టు రాత్రింబవళ్లు ఒకటే హోరు, మామిడికాయ వేసి అమ్మ కాచిన చేపల పులుసు మర్నాడు చద్దన్నంలోకి మరింత రుచెక్కడం, క్రిస్మస్ ఇంకా నెల ఉందనగానే గులాబి పువ్వుల అచ్చులు నూనెలో చుయ్యిమనడం, వెదురుబద్దల నక్షత్రానికి రంగుకాగితం అంటించి దూలానికి కట్టడం. ఇవన్నీ నిజమే. కానీ ఇంతవరకే రాసి ఆపేస్తే మా ఇల్లు స్వర్గమని మీరు అనుకుంటారు. అంత భాగ్యం ఏమీ లేదు.

నాయన పెళ్లి వీడియోలు తీసేవాడు. తీసి, ముందుగదిలో ఉన్న కంప్యూటర్‌లో మిక్సింగ్ చేసి సీడీలు ఇచ్చేవాడు. మా చర్చిలో పెళ్లిళ్లూ ఆయనవే, సముద్రపు ఒడ్డున పాళెంలో చేపలు పట్టేవాళ్ల పెళ్లిళ్లూ ఆయనవే. తెర మీద పూలవాన కురిపించేవాడు, పెళ్లికూతురి మొహాన్ని చందమామలో అతికించేవాడు, పెళ్లికొడుకుని మంచుకొండల మీద నడిపించేవాడు, ఆ మానవుడు కావలి దాటి ఎరగకపోయినా సరే! చక్కని మనిషి, ఊళ్లో అందరితో నవ్వుతూ మాట్లాడేవాడు. ఆ నవ్వంతా బయటే ఖర్చయిపోయేదేమో, గడప లోపలికి మిగిలేది కాదు.

కంప్యూటర్ డబ్బాకి ముందుపక్క చిన్న ఎర్రలైటు ఒకటి ఉండేది. మా ఇంట్లో గడియారం కంటే ఎక్కువగా మేం చూసింది దాన్నే. అది మిణుకుమిణుకుమంటుంటే ఫరవాలేదు, అమ్మ పాట కూడా పాడుకునేది. మిణుక్కుమనడం మానేసి ఆరకుండా వెలుగుతూ నిలిచిపోయిందంటే మాత్రం తెర మీద పెళ్లికొడుకు తాళి పట్టుకుని అలాగే కొయ్యబారిపోయేవాడు, నాయన మౌస్‌ని బల్లకేసి కొట్టేవాడు, తరవాత కీబోర్డుని, తరవాత అమ్మని. చేతికి ఏది దొరికితే దానితో. జుట్టు పట్టి గోడకు మోదిన చప్పుడు ఎలా ఉంటుందో నాకు అక్షరాలు రాకముందే తెలుసు. కొట్టి కొట్టి అలిసిపోయి, చొక్కా మార్చుకుని, బజారుకు పోయి నవ్వుకుంటూ టీ తాగేవాడు. నేను మంచం కిందనుంచి వచ్చి చెల్లాచెదురైన కీబోర్డు మీటలు ఏరేదాన్ని.

పక్కింట్లోనే మా మేరమ్మత్త ఉండేది, నాయనకి అక్క. గోడకవతల అన్నీ వినేది, అంతా అయ్యాక వచ్చేది. "వాడు మంచోడే మే. ఆ మాయదారి కంప్యూటరు వాడికి తిక్క రేపతా ఉండాది. నువ్వు గమ్మునుండు, అదే సర్దుకుంటాది" అని చెప్పి, పులుసుంటే గిన్నెలో పోయించుకుని పోయేది. దుర్మార్గం ఏమిటంటే, అమ్మ కూడా అదే నమ్మేది. వాచిన చెంపకి ఉప్పు మూట కాపడం పెట్టుకుంటూ "మిషను ఆగిపోతే మీ నాయనకి కళ్లు కనపడవు పాపా" అనేది. నేనూ నమ్మాను. నమ్మకేం చేస్తాను, ఎర్రలైటు నా కళ్ల ముందే నిలిచిపోయేది కదా.

ఒక వానాకాలం పాళెం నుంచి పెళ్లికూతురి అన్న వచ్చి, వీధి మధ్యలో నాయన కాలరు పట్టుకున్నాడు. "మా పిల్లకి సీమంతం గూడా అయిపోయింది, నీ పెళ్లి సీడీ ఇంకా రాలేదా?" అని ఊగించాడు. జనం నవ్వారు. నాయన కూడా నవ్వి, చేతులు జోడించి, పంపించేసి లోపలికొచ్చి తలుపు గడియ పెట్టాడు. గోడలోంచి కరెంటు వైరు పీకి, దాన్ని చేతికి చుట్టుకున్నాడు. ఆ రోజు అమ్మ ఎడమ చెవిలోంచి నెత్తురు కారి జాకెట్టు భుజమంతా తడిసింది. నాయన చచ్చిపోవాలని ఆ రోజు గట్టిగా కోరుకున్నాను. ఇప్పటికీ దానికి నాకు సిగ్గు లేదు.

రెండ్రోజులకి అమ్మ తమ్ముడు ప్రకాశం మామ గూడూరు నుంచి దిగాడు. అక్కడ కంప్యూటర్లు బాగుచేసే షాపు ఆయనది. కానీ ఆ రోజు బాగుచేయడానికి రాలేదు, నాయన ఎముకలు విరగ్గొట్టడానికే వచ్చాడు, వస్తూనే మెడ పట్టుకుని గోడకు అదిమేశాడు. అమ్మ మధ్యలో పడింది. "ఆయన్నేం చేయబాకరా! నీకు దండం పెడతా. ముందు దాన్ని చూడు" అని కంప్యూటర్ వైపు చెయ్యి చూపించింది.

మామ నాయన మెడ వదిలేశాడు. తరవాత చొక్కా చేతులు మడిచి కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. నాయన బయటికి పోయాక నన్ను పిలిచి తెర మీద ఒక గీతల పట్టీ తెరిచాడు. "ఇదుగో పాపా, ర్యామ్ అంటే దీని పనిబల్ల అనుకో, అది ఎంత నిండిందో ఈ పట్టీ చూపిస్తాది. బల్ల నిండిపోతే సామాన్లు బీరువాలో పెట్టి, మళ్లీ తెచ్చుకుంటా ఉంటాది. ఆ పోయొచ్చేదే ఎర్రలైటు. బల్ల నిండినాకే ఆగిపోతా ఉంటే ఇంకో ర్యామ్ వేస్తే తీరిపోద్ది. నిండకముందే ఆగతా ఉంటే ఎంత వేసినా దండగ. మీ నాయన పనిజేసేటప్పుడు నువ్వు కనిపెట్టి చూడు" అన్నాడు.

నేను కనిపెట్టి చూశాను. కిటికీ అవతల నిలబడి, గుడ్లప్పగించి చూశాను. ప్రతిసారీ అదే వరస. పూలవాన మొదలవగానే పట్టీ అంచుదాకా నిండేది, లైటు నిలిచిపోయేది, అమ్మ కేక వినపడేది. అనుమానమే లేదు, ర్యామ్ చాలకే ఇదంతా! ఆదివారం చర్చిలో అందరూ వానలు ఆగాలనీ జ్వరాలు తగ్గాలనీ ప్రార్థిస్తుంటే నేను మోకాళ్లూని, ప్రభువా మాకు ర్యామ్ ఇవ్వు అని ఏడ్చాను.

డిసెంబరులో మామ తెచ్చాడు. జానెడు కూడా లేని పచ్చటి రేకు, అంచున బంగారు రంగు పళ్లు. డబ్బాలో పెట్టి నొక్కితే టక్కుమంది. ఇంతేనా, మా అమ్మ ప్రాణానికి మందు ఇంతేనా అనుకున్నాను. ఇంతే! పూలవాన ఆగకుండా కురిసింది. పట్టీ సగం దగ్గరే ఉండిపోయింది. లైటు కాసేపు మిణుక్కుమని ఆరిపోయేది. నాయన ఈల వేస్తూ పనిచేశాడు, ఇల్లిల్లూ తిరిగే కేరల్స్ వాళ్లతో క్రిస్మస్ పాటలకు పోయాడు, నాకు గాజులు తెచ్చాడు. అమ్మ ఒంటి మీద మచ్చలు పచ్చబడి, పసుపెక్కి, మాసిపోయాయి. ఆ క్రిస్మస్‌కి అమ్మ కట్టుకున్నంత ముదురు నీలం చీర నేను మళ్లీ ఎక్కడా చూడలేదు.

పండగ మర్నాడు మధ్యాహ్నం. ఇవ్వాల్సిన సీడీలన్నీ ఇచ్చేశాడు, ఎవరూ తగాదాకి రాలేదు. నాయన అన్నం తింటున్నాడు. అమ్మ వడ్డిస్తూ "మిషను భలే పరిగెత్తతా ఉండాది, మా తమ్ముడి చెయ్యి పడింది మరి" అని నవ్వింది. అంతే.

"ఎందుకే ఇకిలిస్తా ఉండావు?" అన్నాడు నాయన. కంచం మొహాన పడింది. కూలిపోయిన అమ్మని కాలితో తన్నాడు, లేచి మళ్లీ తన్నాడు, కొత్తచీర కొంగు మెడకు బిగించి ఈడ్చాడు. నేను మంచం కిందికి పోలేదు. ముందుగదిలోకి పరిగెత్తాను. ఏదో ఆగిపోయి ఉంటుంది, ఆగి ఉండాలి, లేకపోతే ఎందుకు కొడతాడు? తెర మీద ఏ పెళ్లీ నడవడం లేదు.

నాయన బజారుకు పోయాక, నేల మీద పడి ఉన్న అమ్మ అడిగింది. "లైటు ఎట్టుండాది పాపా?"

"ఆరిపోయుండాది మా."

"సరిగ్గా చూసినావా?"

"చూసినా మా. ఏం ఆగలా."

 అమ్మ మెల్లగా లేచి మొహం కడుక్కుని, ఇల్లంతా పడిన మెతుకులు ఊడ్చింది. మర్నాడు పొద్దున బిట్రగుంటలో గూడూరు రైలెక్కాం. ఇల్లు దాటుతుంటే మేరమ్మత్త తన గేటు దగ్గర నిలబడి "కంప్యూటరు బాగైంది గదా, ఇప్పుడేం పొయ్యేకాలం మే నీకు?" అని అరిచింది. 

ఇప్పుడు ఆ ముందుగది లేదు, పడగొట్టి రొయ్యల మేత గోడౌన్ కట్టారు. పెళ్లి సీడీలు అడిగేవాళ్లు లేరు. సరుగుడు తోపు కొట్టేశారు, ఎర్రపీతలు నిరుడు వెతికితే నాకు ఒక్కటీ కనపడలేదు. నాయన కూడా పోయాడు. పోయిన నెల ఆయన జ్ఞాపకార్థ కూడిక పెట్టారు, అమ్మ వస్తానంటే తీసుకెళ్లాను. ప్రార్థన అయ్యాక అందరూ టీలు తాగుతుంటే ముసలిదైపోయిన మేరమ్మత్త పాస్టరు గారితో మొదలుపెట్టింది. "మా తమ్ముడు బంగారమయ్యా. ఆ కంప్యూటరే వాణ్ణి పిచ్చోణ్ణి చేసినాది. అది సరిగ్గా పనిజేసుంటే ఈ కాపురం ఇట్టయ్యేదా?"

నాకు ఆవిడ గొంతు పట్టుకోవాలనిపించింది. నోరు తెరిచేలోపు అమ్మే అంది, నెమ్మదిగా, అందరికీ వినపడేట్టు. "అది బాగానే పనిజేసినాది వదినా."

తరవాత టీ పూర్తిగా తాగి, గూడూరు బండికి టైమైందని లేచింది.