నాచారం బండ మీద మూడో కాగితం

మా నాన్న మాట నిజమని మా వీధిలో నమ్మేవాళ్ళు ఇద్దరు. ఒకరు మా నాన్న. రెండోవారు మా అమ్మ అని చాలామంది అనుకున్నారు గానీ, అడిగితే ఆవిడ ఒప్పుకోలేదు.

ఆ మాట ఏమిటంటే, నాచారంలో మా వీధి మలుపులో మనిషెత్తున నిలబడ్డ బండ మీద పాతకాలపు అక్షరాలున్నాయని. కృష్ణా జిల్లా నుంచి ఇక్కడి బడిలో సోషల్ చెప్పడానికి వచ్చిన కొత్తలో నాన్న అద్దె ఇంటి కోసం తిరిగి తిరిగి, అలసిపోయి, సైకిలు ఆ బండకి ఆనించారట. అప్పుడు చూశారట. వేలు పెట్టి తడిమారట. 'అట'లు ఎక్కువయ్యాయని నాకూ తెలుసు. నేను పుట్టకముందు సంగతి, నేనేం చెయ్యను.

నాకు ఊహ తెలిసేసరికి ఆ బండ నిండా అక్షరాలే. జెంట్స్ పీజీ, ఏసీ సౌకర్యం కలదు. పదో తరగతి పాసైనవారికి ఉద్యోగాలు. మూలశంక ఇక చింత లేదు. అంటే బండ మా వీధి నోటీసుబోర్డన్నమాట. ఒక పోస్టరు మీద ఇంకోటి, దాని మీద ఇంకోటి. అసలు రాయి ఏ రంగులో ఉంటుందో కూడా ఎవరికీ గుర్తులేదు.

ఒకసారి నాన్న ధైర్యం చేసి ఓ మూల గీకారు. అవి ఎన్నికల రోజులు. గీకిన మూల ఒక అభ్యర్థిగారి చెవి అయింది. పావుగంటలో ఆ పార్టీ కుర్రాళ్ళు పదిమంది వచ్చి, "ఎవలు జింపుమన్నరు సార్ మీకు?" అని మర్యాదగానే అడిగారు. ఏటా ప్రజాస్వామ్యం పాఠం చెప్పే మనిషి ఆ చెవికి క్షమాపణ చెప్పుకుని ఇంటికొచ్చారు. ఆ తరవాత బండని ముట్టుకోలేదు. దాని గురించి మాట్లాడడం మాత్రం మానలేదు. ఇంటికి ఎవరొచ్చినా, కాఫీ కలిపేలోపు నాన్న ఆ బండని ఎత్తేవారు. కాఫీ తాగేలోపు నేను దాన్ని దింపేవాణ్ణి. "నాన్న చెప్పే అక్షరాలు కనపడాలంటే ఆయన కళ్ళజోడు సరిపోదండీ, ఆయన కళ్ళు కూడా కావాలి" అంటే వచ్చినవాళ్ళు నవ్వేవాళ్ళు. నాన్న కూడా నవ్వేవారు, ఒక క్షణం ఆలస్యంగా.

ఈమధ్య వానలకి ముందు మా వీధిలో వాననీటి కాలువ పని మొదలైంది. సున్నప్పొడితో గీసిన గీత ఉప్పల్ వైపు నుంచి స్కేలు పెట్టినట్టు వచ్చి, సరిగ్గా బండ మీదికి పోయింది. నాన్న పరుగున వెళ్ళి ఇంజినీరుని పట్టుకున్నారు. అతను మంచివాడే. ఓపిగ్గా విన్నాడు.

"సోమవారం పొద్దుగాల జేసీబీ వస్తది సార్. ఐతారం సాయంత్రం నాలుగింటికి నేనొస్త. అక్షరాలు జూపియ్యిన్రి, లైను తిప్పుత. లేకుంటే బండ బండే గద. పలగ్గొట్టుడే."

ఆ రాత్రి అన్నాల దగ్గర నాన్న బండ ఊసు ఎత్తలేదు. సాయంత్రం కాఫీకి ముందూ తరవాతా కూడా ఎత్తలేదు. చివరికి చెయ్యి కడుక్కుంటూ అన్నారు: "నువ్వు ఫోన్లో ఏవేవో వెతుకుతుంటావు గదరా. ఇలాంటివాటికి ఎవరన్నా ఉంటారేమో చూడు."

నా దగ్గర రెండు మూడు జోకులు సిద్ధంగానే ఉన్నాయి. వాటిని పక్కన పెట్టి ఫోను తీశాను.

దొరికింది ఒక అమ్మాయి. పాత శాసనాల మీద పరిశోధన చేస్తోంది. ఆదివారాలు ఏదో ఒక పేటకి వెళ్ళి, అక్కడి వాళ్ళని పోగుచేసి, వాళ్ళ చుట్టూ ఉన్న పాత రాళ్ళని ఎలా చూడాలో, కాగితం మీదికి అచ్చు ఎలా తీసుకోవాలో నేర్పుతుంది. ఫోన్లో ఒక్కటే షరతు పెట్టింది. "నేను వస్తాను. కానీ నేను చెయ్యను. మీ వీధివాళ్ళే చెయ్యాలి. వాళ్ళ చేతుల్తో చేస్తేనే రేపట్నించి దాన్ని వాళ్ళు కాపాడతారు."

మా వీధివాళ్ళు దేన్నయినా కాపాడ్డం నేను చూడలేదు. అయినా కాలనీ గ్రూపులో సందేశం పెట్టాను. ఆదివారం పొద్దున ఇరవై మంది దాకా వచ్చారు. టిఫిన్ ఉంటుందని నేను రాయలేదు. ఉండదని కూడా రాయలేదు.

ఆ అమ్మాయి బకెట్లు, బ్రష్షులు, నల్లసిరా దించి, అందర్నీ బండ చుట్టూ నిలబెట్టింది. "ఇవాళ మనం తవ్వుతాం" అంది. పలుగులు ఎక్కడున్నాయా అని అందరూ చుట్టూ చూశారు. "నేలని కాదు. ఈ పోస్టర్లని. పైనున్నది కొత్తది, కిందున్నది పాతది. తవ్వకంలోనూ ఇదే లెక్క. ఒక్కో పొర తీసినప్పుడల్లా ఏం వచ్చిందో రాసుకోవాలి."

ఎదురింటి ఆంటీ చర్చికి పోవాల్సిన మనిషి. పెద్ద గిన్నెతో వేడినీళ్ళు తెచ్చి, "ప్రార్థన పదకొండింటికి. అప్పటిదాంక మీ పని జేస్త" అంది. వేడినీళ్ళు పట్టేకొద్దీ పోస్టర్లు అట్టలు అట్టలుగా ఊడి వచ్చాయి. నేను పుస్తకంలో రాస్తున్నాను. ఒకటో పొర: బరువు తగ్గండి. రెండో పొర: హాస్టలు. మూడు: స్పోకెన్ ఇంగ్లీషు. ఐదో పొర దగ్గర ఒక నాయకుడు చేతులు జోడించి బయటపడ్డాడు. ఎనిమిదో పొరలో మళ్ళీ ఆయనే, కండువా రంగు వేరు. పన్నెండో పొరలో కూడా ఆయనే, ఇంకో రంగు. "చరిత్ర అంటే ఇదే కదా మేడం" అన్నాను. పద్నాలుగో పొరలో సువార్త మహాసభల పోస్టరు వచ్చేసరికి ఆంటీ కెవ్వుమంది. "అరె, గీ సభలకు నేను వోయిన! పెండ్లి గాకముందు!" ఆ పోస్టరుని తడిసిన పాపాయిలా రెండు చేతుల్లో పట్టుకుని వెళ్ళి వాళ్ళ గేటు మీద ఆరేసింది. ఇక ఆ రోజుకి చర్చి మాట మర్చిపోయింది.

మధ్యాహ్నం ఒంటిగంటకి రాయి బయటపడింది. బూడిద రంగు. ఇరవై తలకాయలు ఒక్కసారే ముందుకి వంగాయి. గీతలున్నాయి. అక్షరాలంటే అక్షరాలు, గొడ్డలి గాట్లంటే గొడ్డలి గాట్లు. సందుల్లో ఏళ్ళ తరబడి పేరుకున్న మైదా గమ్ము.

"గీతలే గదా" అన్నాడు కాలనీ సెక్రటరీ. ఆయన బ్యాంకులో ఆఫీసరు, అనుమానం ఆయన వృత్తిధర్మం.

నాన్న ఆ అమ్మాయి వైపు చూశారు. ఆమె టార్చిలైటు పక్కనుంచి వేసి చూసి, నిజాయితీగా చెప్పింది. "ఏదో ఉందంకుల్. కానీ ఇలా చూపిస్తే ఇంజినీరుగారు ఒప్పుకోరు. అచ్చు తీస్తే గానీ నేను కూడా చెప్పలేను."

మా అమ్మ బాల్కనీలోంచి అరిచింది. "ఏమయిందిరా? మీ నాన్న పరువు ఉన్నట్టా, పోయినట్టా?"

"తడిగా ఉందమ్మా, ఇంకా తేలలేదు!"

సందులన్నీ మెత్తటి బ్రష్షుతో కడిగేసరికి రెండు దాటింది. అచ్చు తీసే పద్ధతి వినడానికి సులువే. ప్రత్యేకమైన కాగితాన్ని నీళ్ళలో తడిపి రాయికి అంటించాలి. బ్రష్షుతో కొడుతూ గీతల లోపలికి దిగేలా చెయ్యాలి. కొంచెం ఆరాక పైన సిరా అద్దితే, లోపలికి దిగిన చోట తెల్లగా మిగిలి, అక్షరం కనిపిస్తుంది. ఎక్కడా గాలి బుడగ ఉండకూడదు. ఆమె దగ్గరున్నవి మూడే కాగితాలు.

మొదటిది నేను పెట్టాను. నా కాగితం కింద పూరీల్లాగా బుడగలు లేచాయి. ఒకదాన్ని నొక్కితే రెండు పుట్టాయి. మూడోదాన్ని నొక్కేసరికి కాగితం నిలువునా చిరిగింది. రెండోది సెక్రటరీగారు తీసుకున్నారు, "మెల్లగ జెయ్యాలె తమ్మీ, జూడు" అంటూ. మెల్లగానే చేశారు. తరవాత బ్రష్షు ఇస్తే, వసూలు కాని అప్పేదో గుర్తొచ్చినట్టు బాదారు. కాగితం జల్లెడయింది.

మూడున్నర. మూడో కాగితాన్ని ఎవరూ ముట్టుకోలేదు. నాన్న చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డారు. బళ్ళో పిల్లలు జవాబు చెప్పలేనప్పుడు ఆయన అలా నిలబడేవారని విన్నాను. జవాబు రానిది తనకే అయినప్పుడు కూడా అలాగే నిలబడతారని ఆ రోజు తెలిసింది.

అప్పుడు వచ్చాడు పోస్టర్లన్న. మోపెడ్ మీద ముందు బకెట్టు, వెనక పోస్టర్ల చుట్ట, చేతిలో చీపురంత బ్రష్షు. మా వైపు గోడలన్నిటికీ పోస్టర్లు అతికించేది ఆయనే. బండి ఆపి, బోడిగా నిలబడ్డ రాయిని చూశాడు. కింద కుప్పపడ్డ అట్టల్ని చూశాడు.

"ఎవడ్రా గిట్ల జేసింది? ఇరవై ఏండ్ల పని! ఇరవై ఏండ్ల సంది ఒక్కటి గూడ ఊడలే!"

తవ్వకాల్లో ధ్వంసమైన పొరల గురించి అంతగా బాధపడ్డ మనిషిని నేనింతవరకు చూడలేదు. ఆ అమ్మాయి ముందుకొచ్చి చెప్పింది, ఇరవై ఏళ్ళూ ఆ పోస్టర్లు కప్పి ఉంచబట్టే రాయి మీద పెయింటు పడలేదని, ఎవరూ ఉలితో గీకలేదని. "ఒక రకంగా దీన్ని కాపాడింది మీరే."

ఆయన కోపం దిగలేదు గానీ, దాని మొహం మారింది. నాన్న నేరుగా వెళ్ళి ఆయన ముందు నిలబడ్డారు.

"ఒక్క కాగితం ఉంది బాబూ. బుడగ రాకుండా అంటించగలవా?"

"ఏం మాట సార్ గది? మెట్రో పిల్లరు గుండ్రంగుంటది, దానికే అంటిస్త" అన్నాడు. అని, పిల్లర్లకి అంటిస్తే జరిమానా అని గుర్తొచ్చి, చుట్టూ చూసి, "అంటిస్తరంట. ఎవలో" అని సవరించుకున్నాడు.

చేతులు తుడుచుకుని, కాగితం అందుకుని, అలవాటుగా బ్రష్షుని తన మైదా బకెట్లో ముంచాడు. ఇరవై మందిమి ఒకే గొంతుతో అరిచాం.

"గమ్ము వద్దా? మరెట్ల నిలుస్తది?"

"నీళ్ళు చాలన్నా" అంది ఆ అమ్మాయి.

"ఉత్త నీళ్ళా." ఆయన రాయిని ఎగాదిగా చూశాడు. "సరే తియ్యి. ఇదొకటి జూద్దం."

తడి కాగితాన్ని మధ్యకి మడిచాడు. పై అంచుని రెండు బొటనవేళ్ళతో రాయికి తాకించి, మిగతాది జారవిడిచాడు. ఆ అమ్మాయి అందించిన బ్రష్షుని నడిమి నుంచి కిందికి ఒక్క గీత లాగాడు. తరవాత నడిమి నుంచి కుడికి, నడిమి నుంచి ఎడమకి, ఇంట్లోంచి పిల్లిని తరిమినట్టు గాలిని అంచులదాకా తరిమేశాడు. అరనిమిషం పట్టిందేమో. కాగితం రాయికి చర్మంలా అతుక్కుంది. ఒక్క బుడగ లేదు. ఆంటీ, "అబ్బ!" అంది. పోస్టర్లన్న మాత్రం, దీంట్లో ఏముందన్నట్టు, బ్రష్షు విదిల్చాడు.

ఆ తరవాత కొట్టడం కూడా ఆయన చేతే చేయించాం. సిరా మాత్రం ఆ అమ్మాయి నాన్న చేతికిచ్చింది. నాన్న గుడ్డ ఉండని ముంచి, మెల్లగా అద్దారు. నలుపు పరుచుకుంది. నలుపు మధ్యలో ఒక తెల్లటి వంపు. దాని పక్కన ఒక సున్న. దాని పక్కన ఇంకోటి. వరసగా, తిన్నగా, ఎవరో కూర్చుని శ్రద్ధగా చెక్కిన వరసలు. ఒకటి కాదు, తొమ్మిది.

ఎవరు ముందు చప్పట్లు కొట్టారో తెలీదు. నేనైతే ఈల వేశాను. బాల్కనీలోంచి అమ్మ, "తేలిందా?" అని అరిస్తే, సెక్రటరీగారే జవాబిచ్చారు: "తేలిందమ్మా, తేలింది! అక్షరాలే!" నాన్న కళ్ళజోడు తీసి, సిరా చేత్తోనే కళ్ళు తుడుచుకుని, మొహం నల్లగా చేసుకున్నారు. నేను తుడవబోతే వద్దన్నారు.

సరిగ్గా అప్పుడే ఇంజినీరు వచ్చాడు. కాగితాన్ని చూసి ఆగిపోయాడు. "నిజంగనే ఉన్నయా? ఏం రాసిన్రు మేడం?"

నాన్న ఇన్నేళ్ళూ అది ఒక మహారాజు విజయ శాసనమని చెబుతూ వచ్చారు. ఏనుగులు కూడా ఉండేవి ఆయన కథలో. ఆ అమ్మాయి మెల్లగా చదివి, కొంచెం ఇబ్బందిగా నాన్న వైపు చూసింది.

"రాజు పేరు లేదంకుల్. ఇక్కడి ఊరివాళ్ళు కొందరు కలిసి పొలాలకి కాలువ తవ్వించుకున్నారు. దాన్ని ఎవరూ చెడగొట్టొద్దని రాయించి పెట్టారు. కొన్ని వందల ఏళ్ళ నాటిది."

ఏనుగులన్నీ ఒక్కసారిగా వెళ్ళిపోయాయి. నాన్న ఒక్క క్షణం ఆలోచించి, "ఊరివాళ్ళా? ఇంకా మంచిది" అన్నారు. ఆయన పక్కన నిలబడి ఉన్న ఊరివాళ్ళు, పొద్దుట్నించి టిఫిన్ లేనివాళ్ళు, గర్వంగా చూశారు.

ఇంజినీరు మొహం మాత్రం వెలిగిపోయింది. "కాలువనా? అంటే గిది మా డిపార్ట్‌మెంటోళ్ళ రాయే గద సార్! మా సీనియర్లు పెట్టిన బోర్డు. దీన్ని నేనెట్ల పలగ్గొడ్త?"

వారసత్వం, సంస్కృతి, చరిత్ర అంటూ నాన్న ముప్పై ఏళ్ళు చెప్పినవేవీ ఆ పని చెయ్యలేదు. ఉద్యోగబంధం చేసింది. ఇంజినీరు రాయితో సెల్ఫీ దిగి, అసిస్టెంటుని కేకేసి, సున్నప్పొడి బస్తా తెప్పించాడు.

ఆ అమ్మాయి పోస్టర్లన్నని పక్కకి పిలిచి, వచ్చే ఆదివారం ఇంకో చోట ఇంకో రాయి ఉందని, కాగితం పెట్టడానికి వస్తాడేమోనని అడిగింది. "వస్త మేడం. ఉత్త నీళ్ళతోని. మరి ఇయ్యాల్టి పోస్టర్లేడ అంటియ్యాలె నేను?" అన్నాడు. ఇరవై మందిమీ చేతులెత్తి చూపించాం, ఎవరికి వారు పక్కింటివాళ్ళ గోడ.

పాత గీతని అసిస్టెంటు చెప్పుతో చెరిపేశాడు. కొత్త గీతకి ఇంజినీరు టేపు తీస్తే, అవతలి కొసని నాన్న అందుకున్నారు. బండ నుంచి రెండడుగులు కొలిచారు.

"ఇంకో అడుగు జరపండి" అన్నారు నాన్న.

"సార్, కాలువ మస్తు వంకర తిరుగుతది."

"తిరగనివ్వండి. నీళ్ళకి వంకరలు కొత్తేం కాదు."

ఇంజినీరు నవ్వి, అడుగు జరిపాడు. అసిస్టెంటు సున్నప్పొడి పోసుకుంటూ వచ్చాడు. ఉప్పల్ వైపు నుంచి తిన్నగా వచ్చిన తెల్ల గీత బండ దగ్గరికి వచ్చి, పెద్దమనిషి ఎదురైతే పక్కకి తప్పుకున్నట్టు, గుండ్రంగా తిరిగి ముందుకు పోయింది. వీధి మొత్తం మళ్ళీ చప్పట్లు కొట్టింది. నాన్న టేపు వదలకుండా, నల్లటి మొహంతో నా వైపు చూశారు, ఏదైనా జోకు వేస్తానేమోనని. నేను కూడా చప్పట్లు కొడుతున్నాను.