సుగుణమ్మగారి కారు చప్పుడు

నిన్న మా వీధిలోంచి ఎవరో కుర్రాడు సైలెన్సర్ పీకేసిన మోటారు సైకిల్ మీద వెళ్ళాడు. కిటికీ అద్దాలు అదిరాయి. నేను కుర్చీలోంచి లేచి, కుచ్చిళ్ళు సర్దుకుని నిలబడ్డాను. ఇరవై ఏళ్ళు దాటినా ఒంటికి ఆ భయం వదల్లేదు. అది సుగుణమ్మగారు పెట్టిన భయం.

నరసాపురం నుంచి మొగల్తూరు వెళ్ళే దారిలో ఆవిడ నడిపే ప్రైవేటు స్కూల్లో తెలుగు టీచరుగా చేరాను. ఇంట్లో నా జీతం తప్ప మరో ఆధారం లేదు. చేరిన రోజే ఆవిడ, "చూడమ్మా, గోల వినపడిన క్లాసుకి మర్నాడు కొత్త టీచరు వస్తుంది" అన్నారు. ఇంత మాట అన్న మనిషి కారు మాత్రం ఊరంతటినీ లేపేది. పెట్రోలు పోయించలేక ఆవిడ పాత అంబాసిడర్‌కి డీజిల్ ఇంజను పెట్టించారు. కాలువ వంతెన దగ్గరుండగానే డబడబమని వినపడేది. నేనేమో పిల్లల చేత పాఠాలు నాటకాలుగా ఆడించేదాన్ని. గదంతా ఒకటే నవ్వులు. వంతెన మీద చప్పుడు వినపడగానే బల్లలు సర్దేసి అందరం బుద్ధిమంతులమైపోయేవాళ్ళం. ఆ కారే లేకపోతే నా ఉద్యోగం మొదట్లోనే ఊడేది.

ఒక ఆదివారం చర్చిలో పాస్టరుగారు ప్రార్థన మధ్యలో ఆపి, "సుగుణమ్మగారు కారు ఆపాక కొనసాగిద్దాం" అన్నారట. ఆ వారమే శనివారం బడి వదిలాక ఆవిడ తనే నడుపుతూ కారును మెకానిక్ దగ్గరికి తీసుకెళ్ళారు. పొగగొట్టం చప్పుడు వెనక కూర్చున్నవాళ్ళకే బాగా తెలుస్తుందని నన్ను వెనక సీట్లో ఎక్కించారు. మెకానిక్ కారు కిందికి దూరి, "ఆయ్, ఇంజనుకీ పొగగొట్టానికీ మధ్య ఉండే ప్యాకింగ్ కాలిపోయిందండి. సైలెన్సరేమో పాత ఇంజనుది, దీనికి చాలదండి" అన్నాడు. ముందు ప్యాకింగ్ మార్చాడు. "ఎలా ఉందమ్మా?" అని ఆవిడ నడుపుతూ అరిచారు. "చాలా నయమండీ! ఇంక చాలండీ!" అని నేనూ అరిచాను. "అరుచుకుంటూ చాలంటావేంటమ్మా? నీకేమన్నా చెవుడా?" అన్నారు. చివరికి వ్యానుకు వాడే పెద్ద సైలెన్సరు ఎక్కింది. గొట్టం అడుగున కొట్టుకోకుండా రబ్బరు బుష్షులతో వేలాడదీశాడు. తిరుగు ప్రయాణంలో మామూలు గొంతుతో మాట్లాడుకున్నాం. ఆవిడ ముఖం వెలిగిపోతోంది. నాకేమో, ఇక వంతెన మీద ఏ చప్పుడూ వినపడదని దిగులు.

ఆ తర్వాత నా చెవులు పాఠం మీద నిలిస్తే ఒట్టు. ఏ చెప్పుల చప్పుడైనా ఆవిడే అనుకునేదాన్ని. పిల్లలకు ఆ బెంగ లేదు. నాటకం ఆడదామని ప్రాణం తీసేవారు. కాదనలేక ఒప్పుకున్న రోజు, ఒక పిల్ల ముసలమ్మ వేషం కట్టి, ఎద్దు వేషం వేసి మొండికేసిన ఇంకో పిల్లను బతిమాలుతుంటే క్లాసంతా పడీ పడీ నవ్వింది. నేనూ నవ్వుతూ కిటికీ వైపు తిరిగాను. చువ్వల అవతల సుగుణమ్మగారు. ఎంతసేపట్నుంచి ఉన్నారో, వెనక్కి తిరిగి వెళ్ళిపోయారు. సాయంత్రం దాకా కూర్చోలేక, నిలబడలేక చచ్చాను. బడి వదిలాక పిలిచారు.

"ఆ నవ్వు రోజూ ఉంటుందా?"

ఉద్యోగం ఎలాగూ పోయిందనుకున్నాను. "మొన్నటిదాకా ఉండేదండి."

"మరి నాకెప్పుడూ వినపడలేదేంటమ్మా?"

"మీ కారు వినపడేదండి."

ఆవిడ చేతిలోని కారు తాళాలు బల్ల మీద పెట్టేశారు. తిట్టినా బాగుండుననిపించింది. "నా స్కూలు పిల్లలు బుద్ధిమంతులని ఊరంతా చెప్పుకున్నానమ్మా" అన్నారు. "నేనొస్తున్నానని భయపడ్డారన్నమాట. రేపు నాకూ ఓ కుర్చీ వెయ్యి, చూస్తాను."

మర్నాడు వచ్చి కూర్చున్నారు. అదే నాటకం, అదే ముసలమ్మ. ఒక్కరూ నవ్వలేదు. ఆవిడే ముందు నవ్వి చూపించారు. పిల్లలు ఇంకా బిగుసుకుపోయారు. ఆవిడ మెల్లగా లేచి వరండాలోకి వెళ్ళి గోడ పక్కన నిలబడ్డారు. కాసేపటికి లోపల ఎవరో కిసుక్కుమన్నారు, ఆపైన గదంతా అందుకుంది. నాకు ఆవిడ చీర కొంగు మాత్రమే కనబడుతోంది. గంట కొట్టేదాకా అది అక్కడే ఉంది. ఆవిడంటే నాకు ప్రేమ పుట్టింది అప్పుడే.

ఇప్పుడు నేనూ ఒక స్కూలుకి హెడ్మిస్ట్రెస్‌ని. నేను గుమ్మంలో అడుగు పెట్టగానే క్లాసు టక్కున సద్దుమణుగుతుంది. టీచర్లు గర్వంగా నా వైపు చూస్తారు. నాకు మాత్రం, నేను రాకముందు ఆ గది ఎలా ఉండేదో ఎప్పటికీ తెలియదు కదా అని మనసు పీకుతూనే ఉంటుంది.