టన్నెల్ గారి సిఫార్సు

ఆఫీసులో ఆయన్ని అందరూ టన్నెల్ గారు అనేవారు. ఊరూరికీ ఇంటర్నెట్ అందించే కంపెనీ అది. ఊళ్ల మధ్య డేటాను మోసే పెద్ద రౌటర్లలో దారులు వేయడం ఆయన పని. ఫలానా బ్యాంకు డేటా ఫలానా దారినే వెళ్లాలంటే ఆ దారి పొడవునా ఉన్న ప్రతి రౌటర్‌కూ ఆ సంగతి ముందే చెప్పి ఉంచాలి. అలా వేసిన దారిని ఆ వృత్తిలో టన్నెల్ అంటారు. ఉద్యోగంలో చేరినప్పటి నుంచీ ఆయన వేసినవి వేలల్లో ఉన్నాయి. ఏది ఎందుకు వేశారో ఆయనకు తప్ప ఎవరికీ తెలియదు. కొన్నింటి సంగతి ఆయనకూ తెలియదు, కానీ ఆ మాట ఎప్పుడూ పైకి పొక్కనివ్వలేదు.

ఎక్కడ రోడ్డు తవ్వి కేబుల్ తెగ్గొట్టినా ఫోను ఆయనకే. మరదలి పెళ్లి ఆల్బమ్ మొత్తంలో ఆయన ఉన్నది ఒక్క ఫొటోలో, అదీ వీపు మాత్రమే. ఫోను చెవిన పెట్టుకుని గుమ్మం దాటుతుండగా తీసింది. “ఏం చేస్తాం, నేను లేకపోతే అక్కడ ఒక్కటీ కదలదు” అని విసుక్కునేవారు. ఆ విసుగు వెనక ఎంత గర్వం ఉందో భార్యకు తెలుసు.

అలాంటి చోటికి, వేరే కంపెనీ నుంచి ఒక ఇంజినీరు వచ్చి చేరింది. నలభై ఏళ్లుంటాయి, మాట సూటి. మొదటి మీటింగులోనే బాంబు పేల్చింది.

“సెగ్మెంట్ రౌటింగ్‌కి మారిపోదాం సార్. వెళ్లాల్సిన దారి మొదట్లోనే డేటా తలమీద రాసి పంపేస్తాం. మధ్యలో రౌటర్లు ఏదీ గుర్తుపెట్టుకోనక్కర్లేదు. ఈ టన్నెళ్లన్నీ తీసేయొచ్చు.”

గదిలో అందరూ ఒక్కసారిగా టన్నెల్ గారి వైపు తిరిగారు. ఆయన నిదానంగా మంచినీళ్లు తాగారు.

డైరెక్టర్ మేడమ్ గడుసు మనిషి. “మీరిద్దరూ పరీక్షించి చూడండి. మారాలో వద్దో ఆఖరి మాట మాత్రం మీదే సార్” అంది ఆయనతో.

ఆయన సంబరంగా ఇంటికొచ్చారు. “నా పని తీసెయ్యాలా వద్దా అని నన్నే అడుగుతున్నారు!”

“మీరేమంటారు మరి?” అంది భార్య.

“వద్దంటాను. కాకపోతే మర్యాదగా వద్దనాలి కదా. అందుకని కాస్త చదవాలి.”

ఆ చదవడమే కొంప ముంచింది. మొదట్లో కావలసిన కారణాలు బాగానే దొరికాయి. చివరి ఊళ్లలోని పాత రౌటర్లకు ఆ పద్ధతి రాదు. కొన్నింటికి వచ్చినా, దారి మరీ పొడుగైతే అంత చిట్టా తలకెత్తలేవు. పనివాళ్లందరికీ మళ్లీ అక్షరాభ్యాసం చేయించాలి. ఇవన్నీ నిజాలే. కానీ లోపం పట్టుకుందామని పేజీ తిప్పినప్పుడల్లా, ఇన్నేళ్లూ తన తల తిన్న గొడవ ఏదో ఒకటి అక్కడ తేలిగ్గా తీరిపోయి కనిపించేది. ఆయన మొహం మాడ్చుకుని పేజీ తిప్పేవారు.

భార్య ఆసుపత్రిలో రిసెప్షన్ బల్ల దగ్గర పనిచేస్తుంది. ఒకనాడు టిఫిను తింటూ ఆవిడకు చెప్పబోయారు. “నీ దగ్గరికి రోగి వస్తాడనుకో. ఎక్స్‌రే గదికీ, రక్తపరీక్షకీ, డాక్టరుకీ ముందే ఫోన్ చేసి, ఫలానా మనిషి వస్తున్నాడు, ఇటు పంపండి అని చెప్పి ఉంచడం నా పద్ధతి. చీటీ మీద గదులన్నీ వరసగా రాసి, రోగి చేతికే ఇచ్చి పంపడం ఆ అమ్మాయి పద్ధతి.”

“అయితే మీకు ఫోన్లు తగ్గుతాయా?”

“తగ్గుతాయి.”

“మరింకేం, ఒప్పేసుకోండి.”

“ఫోన్లు రాకపోతే నేనేం చెయ్యను?”

“నాతో మాట్లాడండి” అందావిడ. ఆయన గబగబా చెయ్యి కడుక్కుని ఆఫీసుకు బయల్దేరారు.

చివరికి పరీక్ష పెట్టారు. స్టోరు గదిలో అరడజను రౌటర్లు కలిపి, ఈ చివర నుంచి ఆ చివరకు ఒక వీడియో నడిపించారు. ఆయనే వంగి ఒక కేబుల్ లాగేశారు. వీడియో రెప్పపాటు కూడా ఆగలేదు. డేటా అప్పటికే పక్కదారి పట్టింది.

“వేరే కేబుల్ లాగినట్టున్నాను” అన్నారు.

“అదే సార్ మీరు లాగింది.”

కేబుల్ మళ్లీ పెట్టి, మళ్లీ లాగారు. ఆమె మీద నమ్మకం లేక ఇంకోటి తనే ఎంచుకుని లాగారు. వీడియోలో ఎవరో హాయిగా ఈత కొడుతూనే ఉన్నారు. టన్నెళ్లతోనూ ఈ రక్షణ కుదురుతుంది, ప్రతి దారికీ పక్కన ఇంకో దారి చేత్తో వేసి ఉంచితే. ఇక్కడ ఎవరూ ఏమీ వేయలేదు. ఆయన ఆ గదిలోనే ఒక అట్టపెట్టె మీద కూలబడ్డారు. ఏడుపూ వచ్చింది, ముచ్చటా వేసింది. “బాగుందమ్మా” అన్నారు. ఆ ఒక్కమాట అనడానికి ఆయనకు తలప్రాణం తోకకొచ్చింది.

‘మారాలి’ అని రిపోర్టు రాసి సంతకం పెట్టేశారు.

అది చదివిన డైరెక్టర్ మేడమ్‌కు గొంతులో వెలక్కాయ పడింది. ఈ ఏడు కొత్త ఖర్చేదీ తలకెత్తుకోవడం ఆవిడకు ఇష్టం లేదు. ఆయన ఎటూ వద్దంటారని, ఆ వంకతో సంగతి అటకెక్కించొచ్చని ఆయన్ని పెట్టింది. “మీరే వద్దంటారనుకున్నాను సార్” అని నోరు జారింది కూడా.

మీటింగులో అకౌంట్స్ పెద్దాయనకు కొత్త అనుమానం పుట్టింది. “తన పని పోతుందని తెలిసీ తీసెయ్యమంటున్నాడంటే ఇందులో ఏదో మతలబు ఉంది.” ఆయన వద్దని ఉంటే స్వార్థం అనేవారు. అవునంటే కుట్ర అయింది. కొత్త ఇంజినీరు మాత్రం ఆయన తరఫున గంటసేపు పోట్లాడింది. ఆమె వాదించేకొద్దీ వాళ్లిద్దరూ ఏదో కూడబలుక్కున్నారన్న అనుమానం బలపడింది.

తర్జనభర్జనలయ్యాక మధ్యేమార్గం తేల్చారు. నడిమధ్యనున్న పెద్ద రౌటర్లలో సెగ్మెంట్ రౌటింగ్, చివరి ఊళ్లలో పాత పద్ధతి. రెండూ కలిసే సరిహద్దులో ఒకదాని మాట ఇంకోదానికి అర్థమయ్యేలా చెప్పే ఏర్పాటొకటి ఉండాలి. అటూ ఇటూ తెలిసినవాళ్లే దాన్ని చూసుకోవాలి. అలాంటి మనిషి కంపెనీ మొత్తంలో ఒక్కడే ఉన్నాడు. తన పని తీసెయ్యమని రాసిచ్చిన పాపానికి ఆయనకు పని రెండింతలైంది. రిటైరు కావలసిన ఏడాది మేడమే పిలిచి ఉద్యోగం పొడిగించింది.

ఈ కబురు విన్న భార్య “మీరు వద్దని ఉంటేనే బాగుండేది” అంది.

ఇప్పుడు నడిమి రౌటర్లలోని టన్నెళ్లను ఆయనే వారానికి కొన్ని చొప్పున తీసేస్తున్నారు. ఒకటి తీసేసినప్పుడల్లా కాసేపు ఆగి చూస్తారు, ఎవరైనా గగ్గోలు పెడతారేమోనని. ఇంతవరకూ ఒక్కరూ పెట్టలేదు. మొన్న ఒకటి తీశాక తెలిసింది, అందులో డేటా పారి ఏళ్లు దాటిందట.

“ఎందుకు వేశారు సార్ ఇది?” అని కొత్త ఇంజినీరు అడిగింది.

“అవసరముండే వేశాం” అన్నారాయన గంభీరంగా, ఇంకోదాని కోసం వెతుకుతూ.