మేకలు మేసిన పాయింట్

ఆ రోజుల్లో మా సూర్యాపేట వైపు ఇంగ్లీషు ఒక్క ముక్క రానివాళ్ళు ఉండొచ్చు గానీ, ‘పాయింట్’ అనే మాట రానివాళ్ళు మాత్రం లేరు (ఇప్పటికీ లేరు). మా నాన్న వైరింగ్ మేస్త్రీ. ఆయనకు ఇల్లంటే గదులు కాదు, పాయింట్లు. కొత్తగా ఇల్లు కట్టుకున్నవాళ్ళు పూజగది చూపించి, వంటగది చూపించి మురిసిపోతుంటే, ఆయన గోడల వంక చూసి “మొత్తం ఇరవై రెండు పాయింట్లు” అని ఒక్క ముక్కలో తేల్చేసేవాడు. మా వీధి డాక్టరుకు జ్వరమంటే పాయింట్లు: “నిన్నటికంటె రెండు పాయింట్లు దిగింది, ఇగ ఇడ్లీ పెట్టుండ్రి.” బస్టాండు దగ్గర కోడిని కోసేది చికెన్ పాయింట్, పక్కన ఫోన్లు బాగుచేసేది మొబైల్ పాయింట్, రెంటికీ నడుమ నిలబడి చాయ తాగేది టీ పాయింట్. మొగుడూ పెళ్ళాల పంచాయితీలో పెద్దమనిషి తల ఊపుతూ “ఆమె మాటల పాయింటున్నది” అన్నాడంటే ఆ పూటకు మొగుడు ఓడిపోయినట్టే. మిర్యాలగూడ రైస్ మిల్లుల గేటు దగ్గర వడ్లలో తేమ కూడా పాయింట్లే. ఆ మిల్లుల్లో ఒకదానిలోనే ఇవాళ నా ఉద్యోగం. రైతు తెచ్చిన వడ్లను మిషన్‌లో పోసి “పాయింట్లు ఎక్కువున్నయే” అని చెప్పి తిట్లు తినడం నా పని.

అయితే ఆ మాటకు నిజమైన అర్థం తెలిసినవాణ్ణి భూప్రపంచంలో నేనొక్కణ్ణే అని నాకు గట్టి నమ్మకం ఉన్న రోజులు కూడా ఉన్నాయి. కోదాడలో డిగ్రీ లెక్కల గ్రూపు చదివాను. “పాయింటుకు పొడవు లేదు, వెడల్పు లేదు, ఉనికి మాత్రమే ఉంది” అని మా లెక్కల సారు చెప్పిన రోజు నుంచి, ఎవరు ఆ మాట వాడినా నాకు దురద పుట్టేది. నా రూమ్మేటు (నదికి అవతలి జిల్లా వాడు) ఓసారి విసిగిపోయి, “నువ్వు చెప్పేదాంట్లో పాయింట్ ఉంది గానీ, నువ్వు చెప్తుంటే వినబుద్ధి కాట్లేదురా” అన్నాడు. దాన్ని నేను మెచ్చుకోలుగానే తీసుకున్నాను.

చివరి ఏడాది పరీక్షలు రాసి, ఫలితాలు వచ్చేదాకా ఏం చేయాలో తోచక, చివ్వెంల దగ్గర ఊళ్ళో ఉన్న మా మేనత్త ఇంటికి పోయాను. అత్తకూ మామకూ నాలుగెకరాల బత్తాయి తోట ఉండేది. చెట్లు అప్పుడప్పుడే కాపుకొచ్చే ఈడులో ఉన్నాయి. సరిగ్గా ఆ ఎండాకాలమే పాత బోరు ఎండిపోయింది. కొత్తగా వేయించిన రెండు బోర్లలోనూ దుమ్ము తప్ప ఏమీ రాలేదు. నేను పోయేసరికి చెట్ల ఆకులు దొప్పల్లా ముడుచుకున్నాయి. అత్త పొద్దున్నా సాయంత్రమూ ఊరి పంపు నుంచి బిందెలు మోసుకొచ్చి, ఒక్కో చెట్టు మొదట్లో చెంబెడు చెంబెడు పోస్తోంది. అన్ని చెట్లకూ ఎక్కడ సరిపోతుంది? ఇవాళ ఈ వరుస, రేపు ఆ వరుస అని వంతులేసుకుంది. మామ మాత్రం తోట వైపు రావడమే మానేశాడు. “ఇగ ఒక్క బోరు. గది గూడ పడకపోతే చెట్లు కొట్టిచ్చి కట్టెల అడితికి తోలుత” అన్నాడు. అత్త బిందె ఎత్తుకుని పంపు వైపు పోయింది.

మూడో బోరుకు చోటు చూపించడానికి పాయింట్ తాత వచ్చాడు. ఆ చుట్టుపక్కల ఎవరు బోరు వేసినా ఆయనే రావాలి. అరచేతిలో పీచు తీసిన కొబ్బరికాయ పడుకోబెట్టుకుని చెప్పుల్లేకుండా పొలమంతా నడుస్తాడు, నేల కింద నీళ్ళున్న చోట ఆ కాయ నిటారుగా లేచి నిలబడుతుంది, అదే పాయింట్. అందరి చేతిలోనూ లేవదట. “నాది ఓ పాజిటివ్ రక్తం బిడ్డా, దవాఖానల రాసిచ్చిన్రు” అన్నాడు తాత గర్వంగా. నేను ఊరుకోవాలి కదా! పాయింట్ అంటే పొడవూ వెడల్పూ లేనిదనీ, దాన్ని కొబ్బరికాయ కనిపెట్టడం అసంభవమనీ ఉపన్యాసం మొదలుపెట్టాను. మామ సగంలోనే ఆపి, “పొడుగు లేదా? మొన్నటి పాయింట్ మూడు వందల అడుగుల పొడుగు పోయిందిరా అల్లుడా, నువ్వు జర సప్పుడు చేయకు” అన్నాడు.

తాత తోటంతా తిరిగి తిరిగి, ఒకచోట ఆగాడు. కాయ లేచింది (నేను చూశాను, చేతివేళ్ళు ఏమైనా కదిలాయా అని కూడా చూశాను). అక్కడ మూడు రాళ్ళు పేర్చి, పసుపు కుంకుమ పెట్టి, నిమ్మకాయ ఉంచి, పక్కన పచ్చి వేపకొమ్మ పాతాడు. బోరు బండి మర్నాడు మధ్యాహ్నం వస్తుంది. అప్పటిదాకా పాయింట్ దగ్గర ఒక మనిషి కాపలా ఉండాలి. ఎవరూ దాన్ని దాటకూడదు, చెప్పులతో దగ్గరికి పోకూడదు, రాళ్ళు కదలకూడదు. రాత్రి మామ అక్కడే మంచం వేసుకున్నాడు. పొద్దున్నే అత్త నా చేతికి గొడుగూ సద్దిగిన్నే ఇచ్చి, “సదువుకున్నోనివి, నువ్వైతే కండ్లల్ల వత్తులేసుకోని సూస్తవ్. నీ మీదనే ఇడిసిపెడ్తున్న అల్లుడా” అంది. ఆ మాటకు నా ఛాతీ రెండంగుళాలు పెరిగింది.

రెండు గంటల సేపు బ్రహ్మాండంగా కాపలా కాశాను. చుట్టూ చెట్టుకు చెట్టు, వరుసకు వరుస, ఎటు చూసినా ఒకే తీరు తోట. అప్పుడు నా డబ్బా ఫోన్ ఒకసారి మోగి ఆగిపోయింది. కోదాడ నుంచి నా రూమ్మేటు. ఫలితాలు వచ్చి ఉంటాయా? ఆ తోటలో సిగ్నల్ నిలవదు, గట్టు అవతల బాట మీద నిలుస్తుంది. ఐదు నిమిషాలేగా అని పోయాను. ఫలితాలు రాలేదు. వాడికి ఊరికే తోచక చేశాడట. తోచనివాళ్ళు ఇద్దరు కలిస్తే ఐదు నిమిషాల్లో ఎట్లా తెములుతుంది? గట్టు దిగి తోటలోకి వచ్చేసరికి ఓ మేకల మంద అవతలి కంచె దాటుతోంది. అన్నింటికంటే వెనకున్న మేక నోట్లో వేపరెమ్మ వేలాడుతోంది.

పరుగెత్తాను. ఎక్కడికని? వేపకొమ్మ లేదు. నిమ్మకాయ జాడ లేదు. రాళ్ళు మూడూ మూడు వేర్వేరు చెట్ల కింద దొరికాయి, పసుపు ఉంది గనక వాటిని గుర్తుపట్టాను. ఆ మూడింటినీ చంకలో పెట్టుకుని వరుసల మధ్య పిచ్చివాడిలా తిరిగాను. ఏ చెట్టు చూసినా ఇదే అనిపిస్తోంది, పక్క చెట్టు చూస్తే అదీ అనిపిస్తోంది. పొడవూ వెడల్పూ లేని వస్తువు పోతే ఎట్లా వెతకాలో మా లెక్కల సారు చెప్పలేదు. అత్తకు చెప్పేద్దామని ఊరి వైపు నాలుగడుగులు వేశాను కూడా. ఇంతలో బాట మీద దుమ్ము లేచింది. బోరు బండి చెప్పిన టైముకంటే ముందే వచ్చేసింది (ఆ చుట్టుపక్కల బోరు బండి ముందుగా రావడం అదే మొదలు, అదే ఆఖరు). నేను గొడుగు పెట్టుకుని కూర్చున్న చోటు ఇదే అయి ఉంటుందనిపించిన చోట గబగబా మూడు రాళ్ళూ పేర్చి, పక్కకు జరిగి నిలబడ్డాను. సిగ్గులేకుండా నిలబడ్డాను, అదీ నిజం.

మామ వచ్చాడు, అత్త కొబ్బరికాయా అగరొత్తులూ పట్టుకుని వచ్చింది, వెనకాల పాయింట్ తాత. తాత గట్టు మీద నుంచి తలవంచుకుని నెమ్మదిగా నడుచుకుంటూ వచ్చి, రాళ్ళకు పది పన్నెండడుగుల ఇవతలే టక్కున ఆగాడు. కింద నేలను చూశాడు. ముందున్న రాళ్ళను చూశాడు. తర్వాత నన్ను చూశాడు.

“వేపకొమ్మ ఏది?” అన్నాడు మామ.

“మేకలు తిన్నయ్ మామా” అన్నాను. అబద్ధం కాదు కదా!

తాత రుమాలు తీసి మొహం తుడుచుకుని, అత్త వంక ఒకసారి చూసి, రాళ్ళ దగ్గరికి నడిచి పోయి, “ఇదే పాయింట్. దించుండ్రి” అన్నాడు.

బండి చప్పుడు మొదలైంది. తెల్లటి దుమ్ము లేచి తోట మీద, మా మీద, అత్త జుట్టు మీద పడింది. వంద అడుగులు, దుమ్మే. నూటయాభై, బండ. మామ లేచి పోయి వీపు తిప్పుకుని కూర్చున్నాడు. అత్త మాత్రం చేతులు జోడించుకుని అట్లాగే నిలబడి ఉంది. ఆమె పెదాలు కదులుతున్నాయి. ఈ తోట పోతే నా వల్లే పోయినట్టు, ఆ సంగతి నా ఒక్కడికే తెలిసినట్టు! నిన్నటిదాకా కొబ్బరికాయను వెక్కిరించిన నేను, వాడపల్లి సంగమం దగ్గర స్వామికి పదకొండు కొబ్బరికాయలు మొక్కాను. రెండు వందల అడుగులకు ఇరవై ఒకటి చేశాను. రెండు వందల నలభై దగ్గర దుమ్ము రంగు మారింది. బురద చిమ్మింది. ఆ తర్వాత ఒక్కసారిగా నీళ్ళు చెట్ల కంటే ఎత్తుకు లేచాయి.

అత్త ఆ నీళ్ళ కిందికి పరుగెత్తుకుపోయి నిలబడి బోరున ఏడ్చింది. నేనూ ఏడ్చాను (అందరూ సంతోషమనుకున్నారు, సగం అదే). మామ పాయింట్ తాత కాళ్ళ మీద పడ్డాడు. అత్త తడి చేతుల్తో నా మొహం పట్టుకుని, “నువ్వు కాపలా ఉన్నవ్ గాబట్టే పాయింట్ భద్రమున్నది కొడుకా” అంది. ఆ సాయంత్రమే పోస్తున్న బోరు చూడ్డానికి మూడూళ్ళ వాళ్ళు వచ్చారు. తాత పేరు మారుమోగిపోయింది. కానీ విచిత్రం, ఆ తర్వాత ఎవరు పిలిచినా తాత బోరు పాయింట్ చూపించడానికి పోలేదు. పెద్దతనమనుకున్నారు.

చాలా ఏళ్ళకు, మిల్లులో ఉద్యోగం కుదిరాక, తాతకు బాగా లేదంటే చూడబోయాను. మంచంలో ఉన్నా మాట గట్టిగానే ఉంది. ఇద్దరమే ఉన్నప్పుడు, “తాతా, ఆ రోజు నీ పాయింట్ అది కాదు గదా?” అని అడిగేశాను.

“కాదు. గట్టు మీది నుంచి నా అడుగులు ముప్పై నాలుగు. గాడ రాళ్ళు లేవు.”

“మరి ఇదే పాయింట్ అన్నవ్?”

“దుమ్ము లేసిన రెండు బోర్లు గూడ నేను సూపెట్టినయే బిడ్డా. మూడోది పెట్టిన రాత్రి నాకు నిద్ర లేదు. మల్ల దుమ్మే లేస్తే మీ అత్త మొఖం ఎట్ల సూడాలె? మర్నాడు వచ్చి సూస్తె రాళ్ళు జరిగున్నయ్. కొమ్మ తిన్న మేకలే రాళ్ళు గూడ జరిపినయనిపిచ్చింది. నోరులేని జీవాలు, వాటికి నీళ్ళ వాసన తెలుస్తదేమో, నాకంటె నయమే గావొచ్చనుకున్న. నా పాయింట్ మీద నాకే నమ్మకం పోయినంక ఇగ మందికేం సూపెట్టాలె? గందుకే బంద్ జేసిన.”

ఇంత మంచి మనిషి దగ్గర ఇంకా దాచడమెందుకని, “మేకలు ఊరికే చిందరవందర చేసినయ్ తాతా. ఆడ పేర్చింది నేను” అన్నాను.

తాత మోచెయ్యి ఆనించి లేచి కూర్చున్నాడు. నన్ను కిందికీ మీదికీ చూశాడు.

“నువ్వా? గా ముక్క ఆనాడే తెలిస్తే సచ్చినా ఒప్పుకోకపోయేటోణ్ణి గదరా!”

ఆయన నవ్వుతూ దగ్గుతూ ఉంటే నేను వీపు నిమిరాను. పొడవూ వెడల్పూ అంటూ తాతకే పాఠం చెప్పబోయిన ఆ కుర్రాణ్ణి తలచుకుంటే ఇప్పుడు నాకూ నవ్వే వస్తుంది, కాస్త జాలి కూడా. అత్తకు ఈ సంగతి ఇప్పటికీ తెలియదు. ఆ బోరు ఇంకా పోస్తూనే ఉంది. తాత చెప్పింది ముమ్మాటికీ నిజం. ఆ రోజు నన్నూ మేకలనూ పక్కపక్కన నిలబెట్టి ఎవరిని నమ్ముతావని నన్నడిగితే, నేనూ మేకలనే చూపించేవాణ్ణి.