కిరాయి కుర్చీల కాపురం

అశ్వారావుపేటలో నేను కిరాయికున్న పెంకుటింటిని యజమాని మధ్యలో గోడ పెట్టి రెండు వాటాలు చేశాడు. ముందు వసారా మాత్రం ఒక్కటే. ఎడమ వాటా నాది. కుడి వాటాలో ప్రభుత్వ దవాఖానాలో పనిచేసే నర్సు, జీపు నడిపే ఆమె భర్త ఉండేవారు. మా పొలాలు కొనుక్కున్న వాళ్ళని చూసి కూడా నేను ఆ ఇద్దర్ని చూసి కుళ్ళుకున్నంతగా కుళ్ళుకోలేదు.

మాది కోనసీమ. తాతగారి హయాంలో ఉన్నదంతా మా నాన్నగారి చేతుల్లో కరిగిపోయింది. తొంభైల మొదట్లో ఆయిల్‌పామ్ నర్సరీలో సూపర్‌వైజరు ఉద్యోగం దొరికితే గోదావరి దాటి అడవి అంచుకు వచ్చాను. మా వైపు వాళ్ళకు అది పరదేశం కిందే లెక్క. బయల్దేరేటప్పుడు మా మేనత్త, "అక్కడ తెలుగు మాట్లాడతారట్రా?" అని అడిగింది. ఏడాదో రెండేళ్ళో ఉండి వెనక్కు పోవడమేనని నేనూ అనుకున్నాను.

అప్పుడు నా భార్య పురిటికని పుట్టింట్లో ఉంది. ఆడపిల్ల పుట్టింది. ఐదో నెలలో తల్లినీ బిడ్డనీ మామగారే తెచ్చి దిగబెట్టాలి. దిగబెట్టడమంటే ఇల్లు చూడటం కూడా. నచ్చితే వదిలి వెళతారు. నచ్చకపోతే "పిల్ల కాస్త గట్టిపడ్డాక పంపిస్తాంలెండి" అని మర్యాదగా వెనక్కు తీసుకుపోతారు. మా మామగారికి మగపిల్లలు లేరు. నన్ను ఇల్లరికం తెచ్చుకోవాలని ఆయనకు పెళ్ళినాటి నుంచీ కోరిక. ఆ మాట నేరుగా అనేవారు కాదు. "మా మేడగది ఖాళీగానే ఉంటోంది అల్లుడుగారూ" అనేవారు. ఈసారి కూతుర్ని వెనక్కు తీసుకెళితే ఆ మేడగదిలోకి నేను నడిచి వెళ్ళవలసిందేనని నాకు తెలుసు. మామగారి చూరు కింద చేరిన మగవాడు మా వంశంలో లేడు. ఆస్తి పోయింది గాని ఆ పేరు ఇంకా పోలేదు.

నా వాటాలో అప్పటికి ఒక చాప, ట్రంకుపెట్టె, కిరసనాయిలు స్టవ్వు ఉన్నాయి. నా జీతానికి చవక సామాను కొనవచ్చు. నేను కొనలేదు. చవక కుర్చీ కొంటే అది మన కుర్చీ అవుతుంది. కిరాయికి తెస్తే దాని చవకతనం దాని యజమానిది.

కుడి వాటా వాళ్ళూ బదిలీల మీద బతికేవాళ్ళే. తిరుమలాయపాలెం నుంచి వచ్చారు, రేపో మాపో ఇంకో ఊరు పోతారు. అయినా వచ్చీ రాగానే వసారా స్తంభానికి మల్లెతీగ పాకించారు. హాల్లో వెదురు కుర్చీలు. ఆమె కాన్పులకు వెళ్ళివచ్చే అడవి పల్లెల్లో చెప్పి అల్లించుకున్నవి. వడ్రంగిని ఇంటికి పిలిపించి చేయించుకున్న టేకు మంచం. ఏసుప్రభువు పటం కింద గోళీసోడా సీసాలో రోజూ ఏవో పూలు. దారిన పోయేవాళ్ళు నా గుమ్మం దాటుకుని పోయి అక్కడ కూర్చునేవారు. ఇంటి యజమాని నా దగ్గర నిలబడి కిరాయి పుచ్చుకుని, వాళ్ళ దగ్గర కూర్చుని టీ తాగేవాడు.

అలాంటి కుర్చీలు మా ఇంట్లో పాలేళ్ళ వసారాలో ఉండేవి. కుర్చీల మీద కాదు నా కన్ను. ఎక్కడ దిగితే అదే తమ ఇల్లన్నట్టు కాళ్ళు చాపుకోగలిగే ఆ తీరును చూసి నాకు మండేది. సాయంత్రం ఆయన మంచం వసారాలోకి లాక్కుని పడుకునేవాడు. ఆమె పక్కన కూర్చుని చిక్కుడుకాయలకు ఈనెలు తీసేది. చాలాసేపు ఇద్దరూ ఏమీ మాట్లాడుకునేవారు కాదు. గోడకివతల చాప మీద కూర్చుని నేను ఆ మాట్లాడుకోకపోవడాన్ని వినేవాణ్ణి.

మామగారి నుంచి కబురు రాగానే బజారులో ఉన్న సప్లయ్ కంపెనీకి వెళ్ళాను. పెళ్ళిళ్ళకు షామియానాలు, కుర్చీలు, వంటపాత్రలు కిరాయికిచ్చే దుకాణం అది.

"ఎన్ని కుర్చీలు సారూ? లగ్గం ఎప్పుడు?" అన్నాడు యజమాని.

"పెళ్ళి కాదు."

అతను గొంతు తగ్గించాడు. "దినమా? పాపం, ఎవలు పోయిండ్రు?"

"ఎవరూ పోలేదు. ఇంట్లోకి కావాలి. నెలవారీ కిరాయికి."

"కాపురానికి కిరాయి కుర్చీలా? గిట్ల నేనెన్నడు ఇనలే" అని నన్ను ఎగాదిగా చూశాడు. "మనకేంది, తీస్కపోండ్రి. మంచిగ సూస్కోండ్రి."

ఇనప మడతకుర్చీలు, బల్ల, రెండు మంచాలు, ఇత్తడి బిందెలు తెప్పించాను. కుర్చీల వీపుల మీద సప్లయ్ కంపెనీ పేరు తెల్ల అక్షరాలతో రాసి ఉంది. ఆ పేరు కనబడకుండా అన్నింటినీ గోడకు ఆనించి పెట్టాను. పక్కవాటా జీపు డ్రైవరు గుమ్మంలోంచి తొంగిచూశాడు.

"ఏంది సారూ, కుర్చీలన్నీ గోడకు జేరవడి కూసున్నయ్? అలిగినయా?"

"హాలుకు అదే పద్ధతి" అన్నాను.

"అవ్ అవ్. పెద్దిండ్ల పద్ధతులు మాకేం తెలుస్తయ్."

అది ఎగతాళో నిజమో నేను ఇప్పటికీ తేల్చుకోలేదు. ఆయన ముఖంలో రెండూ ఒకేలా ఉండేవి.

దిగబెట్టడానికి మామగారు తమ పురోహితుడి చేత రోజు పెట్టించారు. నేనూ పంచాంగం తిరగేసి చూసుకున్నాను. తిథి, తారాబలం అన్నీ కుదిరిన తిరుగులేని ముహూర్తం. అంతటి మంచి రోజును చుట్టుపక్కల ఊళ్ళలో పెళ్ళి పెట్టుకున్న వాళ్ళెవరూ వదులుకోరన్నది మాత్రం నాకు తట్టలేదు.

ఆ రోజు పొద్దున బస్సు వేళకు కాస్త ముందు ఇంటి ముందుకు ట్రాక్టరు వచ్చి ఆగింది. సప్లయ్ కంపెనీ యజమాని కూలీలతో దిగాడు.

"సారూ, సామాను ఇయ్యాల్టికి వాపసు ఇయ్యాలె. చండ్రుగొండ దిక్కు అన్నీ లగ్గాలే. దుకాణంల కుర్చీ అన్నది మిగల్లే."

"ఇవాళ కుదరదు. మంచి రోజు చూసుకుని మా వాళ్ళు వస్తున్నారు."

"మంచి రోజు మీకొక్కరికేనా సారూ? ఆడ పెండ్లికొడుకు నిలవడి ఉన్నడు."

నేను గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాను. కాని కూలీలతో తోపులాడే అలవాటు మాకు లేదు. పక్కకు తప్పుకున్నాను. కుర్చీలు పోయాయి, బల్ల పోయింది. మొదటి మంచం ట్రాక్టరెక్కి, రెండోది గుమ్మంలో ఇరుక్కున్నప్పుడు మామగారు, వెనుక బిడ్డను ఎత్తుకుని నా భార్య వసారా ముందుకు వచ్చి ఆగారు.

మామగారు ట్రాక్టరును, మంచాన్ని, నన్ను వరసగా చూశారు. "ఏమిటిది అల్లుడుగారూ, ఇల్లు మారుతున్నారా?"

నేను నోరు తెరిచేలోగా ట్రాక్టరు మీది నుంచి సప్లయ్ కంపెనీ యజమాని కేకేశాడు. "రేపు పొద్దుగాల మళ్ల తెచ్చి ఏస్త సారూ. గీ ఒక్కదినం కిరాయి కట్ జేస్తలే."

మామగారి పెదవుల మీదికి మేడగది రావడం నాకు కనిపించింది. ముహూర్తం దాటిపోతోంది. ఎండకు బిడ్డ ఏడుపు లంకించుకుంది. మంచం అటూ ఇటూ కదలడం లేదు.

"అడ్డం తొలగే దాకా ఆగండి" అన్నాను.

కుడి వాటాలోంచి నర్సు బయటికి వచ్చింది. నా వైపు చూడనైనా లేదు. "చంటిపిల్లను గిట్ల ఎండల నిలవెడ్తరా? రా చెల్లె, లోపటికి రా. పెద్దయ్యా, మీరు గూడ రాండ్రి."

నా భార్య ఒకసారి నన్ను చూసింది. తర్వాత పంచాంగం చెప్పిన ఆ ఘడియలోనే, బిడ్డను ఛాతీకి హత్తుకుని, కుడికాలు ముందు పెట్టి వాళ్ళ గడప దాటింది. మా పిల్ల నా ఊరు వచ్చి మొదట ప్రవేశించిన ఇల్లు వాళ్ళది.

ఇరుక్కున్న మంచాన్ని ఎలాగో పీక్కుని ట్రాక్టరు వెళ్ళిపోయింది. నేను వాళ్ళ గుమ్మం దగ్గరే నిలబడ్డాను. ఎవరూ లోపలికి రావద్దనలేదు. రమ్మనీ అనలేదు. మామగారు గోడ మీది పటాన్ని కాసేపు చూసి వెదురు కుర్చీలో కూర్చున్నారు. కాఫీ గ్లాసు ఇస్తే మరికాస్త ఆలోచించి అందుకున్నారు. నర్సు బిడ్డ బట్టలు వదులు చేసి, తడిగుడ్డతో ఒళ్ళు తుడిచి, తన ఒళ్ళో బోర్లా పడుకోబెట్టి వీపు నిమిరింది. ఏడుపు ఆగింది.

"ఈ అడవిలో పిల్లకు ఏ జ్వరమో వస్తే ఎలాగని ఇంట్లో మావాళ్ళు ఒకటే గొడవ" అన్నారు మామగారు.

"నేనుండంగ ఏమైతది పెద్దయ్యా? నడిమిట్ల గోడే గద. చెల్లె గోడ మీద కొడితే సాలు, నేను ఉరికొస్త."

జీపు డ్రైవరు అందుకున్నాడు. "ఆమె రాకపోతే నేనొస్త. నాకు సూది ఇయ్యరాదు గని, దవాఖానకు జల్దీ తోల్కపోవుడు వస్తది."

నా భార్య నవ్వింది. పురిటికి వెళ్ళకముందు ఆమె నవ్వగా చివరిసారి ఎప్పుడు విన్నానో నాకు గుర్తు రాలేదు. మామగారు కూడా నవ్వారు.

మధ్యాహ్నం బస్సుకు ఆయన ఒక్కరే బయల్దేరారు. కుర్చీలోంచి లేచి నర్సు వైపు తిరిగి, "అమ్మా, పిల్లల్ని నీకప్పజెప్పి పోతున్నాను" అన్నారు. నేను పక్కనే ఉన్నాను. ఆయన సంచి పట్టుకుని బస్సు దాకా వెళ్ళాను. ఆ మాట నాతో కూడా ఒకసారి అంటారేమోనని బస్సు కదిలే వరకు కిటికీ దగ్గర నిలబడ్డాను. మేడగది ప్రసక్తి రాలేదు. "ఆ నర్సమ్మ మంచి మనిషి" అన్నారు, అంతే. నేను కాపాడుకోవాలనుకున్నదంతా దక్కింది. దక్కించింది మాత్రం నేను కాదు.

తిరిగి వచ్చేసరికి జీపు డ్రైవరు తన టేకు మంచాన్ని ఒక్కడే ఈడ్చుకుంటూ నా గుమ్మం ముందుకు తెచ్చాడు.

"చంటిదాన్ని నేల మీద పండవెడ్తరా సారూ? రేపటిదాంక ఉంచుకోండ్రి."

"అక్కర్లేదు. రేపు మావి వస్తాయి."

"మావి" అన్న మాటకు ఆయన నవ్వలేదు. నవ్వి ఉంటే బాగుండేది. మంచాన్ని వెనక్కు పంపడానికి నాకొక కారణం దొరికేది.

నా భార్య బిడ్డను భుజాన వేసుకుని కుడి వాటాలోంచి వచ్చింది. బిడ్డ దగ్గర వాళ్ళింటి పౌడరు వాసన వేస్తోంది. ఆమె ఖాళీ హాలును చూసి, మంచం వైపు తిరిగింది. "ఏవండీ, ఆ తలవైపు పట్టుకోండి. పాపం, ఆయన ఒక్కరే మోస్తున్నారు" అంది.

పట్టుకున్నాను. నేననుకున్న దానికంటే చాలా బరువుంది. గుమ్మంలో పట్టక పక్కకు ఒరిగించవలసి వచ్చింది. "కొంచెం కుడికి సారూ... ఇంకొంచెం... గట్ల, గట్ల" అని ఆయన చెబుతుంటే నా గుమ్మంలోంచి నేను వెనక్కు నడుచుకుంటూ లోపలికి వెళ్ళాను. మంచం దించాక, బిడ్డకు గాలి బాగా తగలాలంటే మంచాన్ని ఏ వైపుకు వేయాలని నా భార్య అడిగింది. ఆయన్ని అడిగింది.